ముంచుడు ఆదివారం

మా ఊళ్ళో ఎవరైనా మిమ్మల్ని చూసి "నువ్వు చాలా బాగా ఆడతావు" అన్నారంటే మీ పని అయిపోయినట్టే. మీరంటే వాళ్ళకి లెక్క లేదన్నమాట. హార్లో బెండ్‌లో పుట్టినవాళ్ళకి ఈ సంగతి ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు. చెప్పాల్సి వచ్చింది ఒక్కడికే. వాడికి చెప్పడానికి నేను పడ్డ పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు.

నా పేరు ఆర్డిస్. మిసిసిపీ ఒడ్డున, బౌలింగ్ హాలు వెనక వీధిలో ఉంటాను. మా ఊరి బేస్‌బాల్ జట్టు పేరు టగ్స్. పెద్ద జట్టేమీ కాదు. పెద్ద జట్ల వాళ్ళు కుర్రాళ్ళని తీసుకుని, పచ్చి టమాటాలు కిటికీలో పెట్టినట్టు, పండేదాకా మాలాంటి ఊళ్ళలో పెడతారు. పండినవాణ్ణి పట్టుకుపోతారు, పండనివాణ్ణి ఇంటికి పంపేస్తారు. వాళ్ళకిచ్చే జీతానికి అద్దె ఇల్లు దొరకదు కాబట్టి, మాలాంటి వాళ్ళం మా ఇళ్ళలో గది ఇస్తాం. ఇరవై రెండేళ్ళలో నా మేడ మీది గదిలో పద్నాలుగు మంది ఉన్నారు. పద్నాలుగోవాడు ఎలీబెర్ కోల్మెనారెస్. వెనెజులా కుర్రాడు. ఇరవై ఏళ్ళు. ఎడమచేతి పిచ్చర్, అంటే ఆట మొత్తం ఎవడి చేతిలోని బంతితో మొదలవుతుందో వాడు.

ఎలీబెర్ విసిరిన బంతి గంటకి తొంభై ఏడు మైళ్ళ వేగంతో వెళుతుంది. ఎక్కడికి వెళుతుందన్నది వేరే సంగతి. మొదటి ఏడాది మూడు ఆటలు గెలిచాడు, ఎనిమిది ఓడిపోయాడు. అరవై ఒక్కమందికి దారితప్పిన బంతులు వేసి, వాళ్ళు బ్యాటు కదపకుండానే మొదటి బేస్‌కి నడిచి వెళ్ళేలా చేశాడు. ఒకసారి వాడి బంతి కంచె దాటి వెళ్ళి సాసేజీల బండి అద్దం పగలగొట్టింది. కానీ ఆ ఆగస్టులో ఒక సాయంత్రం, వరసగా పదకొండు మంది చేత గాలిలో బ్యాటు ఊపించి వెనక్కి పంపాడు. ఆ రోజు బెంచీ మీద మేం నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. చూసుకుంటే నోరు జారుతుందని భయం.

ఆ నలుగురిలో పెద్దవాడు డెల్మార్. ఎనభై ఏళ్ళు. నలభై ఏళ్ళు స్కూలు బస్సు నడిపాడు, ఊళ్ళో సగం మంది ఇప్పటికీ ఆయన "కూర్చో" అంటే కూర్చుంటారు. రెండోవాడు బెర్నీ, బంతులు దొర్లించి కర్రబుడ్లు పడగొట్టే ఆ బౌలింగ్ హాలు అతనిదే. మనిషి బీరువాలా ఉంటాడు, పిరికితనానికి మాత్రం కొలత లేదు. మూడోది ఫే, ఊళ్ళో అందరి జుట్టూ కత్తిరిస్తూ ముప్ఫై ఏళ్ళుగా నాది పాడుచేస్తున్న మనిషి. నాలుగోదాన్ని నేను. మా ఆయన మెర్ల్ ఉన్నప్పుడు అయిదుగురం.

ప్రతి ఏడూ ఏప్రిల్ మొదటి ఆదివారం, చర్చి అయ్యాక, బెర్నీ హాల్లో కూర్చుని ఆ ఏడాది పిచ్చర్‌ని ముంచుతాం. ముంచడమంటే, ఆ సీజన్లో వాడికి ఏమేం చెడు జరగబోతోందో ఒక్కొక్కరం లేచి చెప్పడం. అందరికన్నా ఘోరంగా చెప్పినవాళ్ళకి చెర్రీ పై, అంటే పళ్ళు కూరి కాల్చిన తీపి రొట్టె, మొత్తం ఇచ్చేస్తాం. నవ్వకండి. మంచి మాట పైకంటే దిష్టి తగులుతుంది. అదే చెడు మాట మనమే ముందు అనేశామనుకోండి, ఆ చెడు ఇంక జరగడానికి మొహం చెల్లక ఊరుకుంటుంది. ఎప్పుడో ఒక ఏడు ఊరంతా కలిసి ఒక కుర్రాణ్ణి ఆకాశానికెత్తారు, పేపర్లో బొమ్మ కూడా వేయించారు. తొలి ఆటలో నాలుగో బంతికి వాడి మోచెయ్యి పోయింది. అప్పుడు బుద్ధొచ్చింది మాకు.

అందరినీ ముంచం. అదంత చవక కాదు. మనసుకి పట్టినవాణ్ణే ముంచుతాం. మిగతావాళ్ళకి రెండు మంచి మాటలు చెప్పి పంపేస్తాం. ఇంకో నియమం ఏమిటంటే, ముంచుతున్నట్టు ఆ కుర్రాడికి తెలియకూడదు. తెలిస్తే, నువ్వు గొప్పవాడివని వాడి మొహం మీద చెప్పినట్టే కదా.

ఎలీబెర్ వచ్చిన రెండో ఏట ఆ ఆదివారం, ముందు చిల్లర పనులు కానిచ్చాం. "కోల్బీ?" అన్నాడు డెల్మార్, స్కోరు కాగితం వెనక రాసుకున్న పేర్లు చూస్తూ. కోల్బీ అంటే రెండో బేస్ పక్కన నిలబడి, వచ్చిన ప్రతి బంతినీ రెండు కాళ్ళ మధ్యనుంచి సాగనంపే కుర్రాడు.

"వాడికేం, కంచె దాటేలా నలభై హోమ్ రన్లు కొడతాడు," అంది ఫే గోళ్ళు చూసుకుంటూ.

"జూలైకల్లా పెద్ద జట్టులో ఉంటాడు," అన్నాడు బెర్నీ ఆవులిస్తూ.

"చల్లగా ఉండనీ," అన్నాను నేను. అక్కడితో కోల్బీ సంగతి అయిపోయింది.

"ఎలీబెర్," అన్నాడు డెల్మార్. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. అందరం కుర్చీలు ముందుకి లాక్కున్నాం.

ఫే మొదలుపెట్టింది. "మూడో ఆటకి భుజం పట్టేస్తుంది. డాక్టరు వచ్చి అటూ ఇటూ తిప్పి చూసి, ఇది చెయ్యి కాదమ్మా, ఉడకబెట్టిన సేమ్యా, తీసుకెళ్ళి సూపులో వేసుకోండి అంటాడు."

"భుజం దాకా ఎందుకే," అన్నాడు బెర్నీ. "తొలిరోజు మొదటి బంతి అంపైర్‌కి. రెండోది మేయర్ గారి భార్యకి. మూడోది బ్యాండు వాయించేవాడి డోలుకి, లోపలికి దూరిపోతుంది. పోలీసులొచ్చి తీసుకుపోతారు. విడిపించడానికి ఒక్కడూ రాడు."

"జైల్లో ఉంటే ఓడిపోలేడుగా. అది తేలిక శిక్ష," అన్నాడు డెల్మార్. ఆయన ఇలాంటి విషయాల్లో మొహమాటపడడు. తన వంతుకి ఆయన, "నూట ముప్ఫై మందిని నడిపిస్తాడు. నడిచి నడిచి వాళ్ళ కాళ్ళు బొబ్బలెక్కుతాయి. ఎదుటి జట్లన్నీ కలిసి డబ్బులేసుకుని వాడికి క్రిస్మస్‌కి స్వెట్టర్ కొంటాయి," అన్నాడు.

అప్పుడు నేను లేచాను. చెబుతున్నాను కదా, నాకు ఆ కుర్రాడంటే ప్రాణం. పద్నాలుగు మందిలో మంచం దులిపి దుప్పటి మడిచినవాడు వాడొక్కడే. చలికాలం వాళ్ళ ఊరెళ్ళి వస్తూ నాకు కాఫీ గింజలు తెచ్చాడు. సంచీలో బట్టల మధ్య పెట్టుకుని తేవడం వల్ల వాడి చొక్కాలన్నీ నెల రోజులు కాఫీ వాసన కొట్టాయి. అలాంటి కుర్రాడికి కాస్తో కూస్తో చెడు చెప్పి కూర్చోవడానికి నాకు మనసొప్పలేదు.

"ఒక్క ఆట గెలవడు," అన్నాను. "ఒక్కటంటే ఒక్కటి. వానొచ్చి ఆగిపోయిన ఆటలు కూడా వాడే ఓడిపోయాడని రాస్తారు. జూన్లో క్లబ్బువాళ్ళు పిలిచి ఇంటికి పొమ్మంటారు. విమానంలో వాడి పక్కన కూర్చోడానికి ఎవడూ ఒప్పుకోడు. ఇంటికెళితే కన్నతల్లి తలుపు సందులోంచి చూసి, ఎవరు బాబూ నువ్వు, మా అబ్బాయి పిచ్చరు, నువ్వు కాదు అంటుంది. ముప్ఫయ్యో ఏట తెలుస్తుంది వాడికి, అసలు తనది కుడిచేతి వాటమని."

ఫే రుమాలు తీసి కళ్ళు ఒత్తుకుంది. డెల్మార్ చెర్రీ పై పళ్ళేన్ని రెండు చేతులతో నా వైపు నెట్టాడు.

"ఆర్డిస్, నీకు వాడంటే ఇంత ఇదని నాకు తెలీదు," అన్నాడు.

ఆ పై పళ్ళెం పట్టుకుని, కోటు తీసుకోడానికి బూట్లు అద్దెకిచ్చే బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆ బల్ల మీద నా మోకాళ్ళ మాత్రల డబ్బా ఉంది. పొద్దున వంటింట్లో మరచిపోయి వచ్చిన డబ్బా.

"ఇదెలా వచ్చిందిక్కడికి?" అన్నాను.

బెర్నీ నేలచూపులు చూశాడు. "మీ కుర్రాడు తెచ్చాడు. నేను చెబుతూ చెబుతూ పోలీసుల దాకా వచ్చాక వాణ్ణి చూశాను. మధ్యలో ఆపితే దిష్టి కదా అని..."

"ఎంతసేపున్నాడు?"

"కుడిచేతి వాటం అయ్యేదాకా ఉన్నాడు."

బెర్నీని తిట్టాల్సినన్ని తిట్లు ఆ రోజు నాకు గుర్తుకి రాలేదు. తరవాత ఒక్కొక్కటే గుర్తొచ్చినప్పుడల్లా తిడుతూ వచ్చాను.

ఇంటికెళ్ళేసరికి ఎలీబెర్ బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. "మాత్రలు అందాయా సెన్యోరా?" అన్నాడు, వాళ్ళ భాషలో అమ్మగారూ అని. అందాయన్నాను. భోజనంలో మామూలుగానే తిన్నాడు, గిన్నెలు మామూలుగానే కడిగాడు. చివర్లో ఒక ముక్క పై తిని, "చాలా బాగుంది సెన్యోరా," అన్నాడు. వాణ్ణి ముంచి సంపాదించిన పై అది. నేనది ముట్టుకోలేదు.

సోమవారం పొద్దున మెట్లు దిగి వచ్చి, నా ఎదురుగా నిలబడి చెప్పాడు. "సెన్యోరా, నేను బుధవారం పది నలభై బస్సుకి ఒమాహా వెళ్ళిపోతున్నాను. అక్కడ మా బావ ఇళ్ళకి పైకప్పులు వేస్తాడు. పనుంది రమ్మన్నాడు. కోచ్‌కి బుధవారం పొద్దున చెబుతా. మీకు ముందే చెప్పాలనిపించింది."

కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పాను. దిష్టి సంగతి, పేపర్లో బొమ్మ పడ్డ కుర్రాడి సంగతి, పై సంగతి. వాడు చిన్నపిల్లల కబుర్లు వినేవాడిలా ఓపిగ్గా విన్నాడు.

"అంటే, నేనంటే మీకిష్టం. అందుకని మా అమ్మ తలుపు తియ్యదు," అన్నాడు.

"అవును."

"కోల్బీ అంటే ఇష్టం లేదు. అందుకని వాడికి నలభై హోమ్ రన్లు."

"సరిగ్గా అర్థం చేసుకున్నావు."

వాడు నవ్వాడు. నవ్వకుండా ఉంటే బాగుండేది. "మీరు చాలా మంచివారు సెన్యోరా. నా కోసం ఇంత పెద్ద అబద్ధం కట్టి, ఇంతసేపు చెప్పారు. ఎవరు చెబుతారు ఇలా?"

"అబద్ధమెందుకవుతుంది?"

"మా వీధిలో నాకు పదేళ్ళప్పుడే నేను ప్రపంచంలోకెల్లా గొప్ప పిచ్చర్‌ని. మా అత్తలు అందరికీ అదే చెప్పేవాళ్ళు, పాటలు కట్టి పాడేవాళ్ళు. మా వీధిలో పిల్లలందరూ గొప్ప పిచ్చర్లే. అందుకని ఆ మాట నేనెప్పుడూ నమ్మలేదు. ఇక్కడికొచ్చాక మీ నలుగుర్ని చూశాను. ప్రతి ఆటకీ వస్తారు. చప్పట్లు కొట్టరు, అరవరు, ఏమీ మాట్లాడరు. వీళ్ళకి ఆట తెలుసు, వీళ్ళేమనుకుంటే అదే నిజం అనుకున్నా. ప్రతి ఇన్నింగ్స్ అయ్యాక మీ మొహాలే చూసేవాణ్ణి. ఏమనుకుంటున్నారో తెలిసేది కాదు. ఇప్పుడు తెలిసింది." మళ్ళీ నవ్వాడు. "నాకు కోపం లేదు. నాకూ అనిపిస్తూనే ఉంది."

నాకు ఏడుపొచ్చింది. దానికన్నా ముందు కోపం వచ్చింది, వాడి మీదో, మా మీదో. అప్పటికప్పుడు ఒక్క మాట చెబితే సరిపోయేది: నువ్వు మంచి పిచ్చర్‌వి, ఇన్నేళ్ళలో నీలాంటి చెయ్యి నేను చూడలేదు. మాట గొంతు దాకా వచ్చింది, అక్కడే కూర్చుంది. పదకొండేళ్ళ కిందట, నా ఇంట్లో ఉండి వెళ్ళిన ఒక కుర్రాడితో ఫోన్లో, "ఆగస్టుకల్లా నిన్ను టీవీలో చూస్తాం," అన్నాను. వారం తిరక్కుండా వాడి భుజం పోయింది. అప్పటినుంచి నేను ఓవెన్లో ఉన్న కేకుని కూడా మెచ్చుకోలేదు. ఎలీబెర్ చెయ్యి నా మాటవల్ల పోతే నేనేం కావాలి. అనకపోతే వాడు ఒమాహా పోతాడు. ఆ పూటంతా వంటింట్లో అటూ ఇటూ తిరిగాను.

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ముగ్గుర్నీ హాల్లో కూర్చోబెట్టాను. "వాడు ప్రాక్టీసునుంచి ఇటే వస్తాడు. వీడ్కోలు చెప్పడానికి మీరు రమ్మన్నారని వాడితో అబద్ధమాడాను. వాడు రాగానే ఒక్కొక్కరూ వాణ్ణి మెచ్చుకోండి," అన్నాను.

"నీకు మతి పోయిందా," అంది ఫే. "ఆటలు మొదలవడానికి పట్టుమని పది రోజుల్లేవు."

"వాడే పోతే ఆటలెవడి కోసమే?"

"నేను చెయ్యను," అన్నాడు డెల్మార్.

"చేస్తావు."

"మా నాన్న చావుబతుకుల్లో అడిగినా చెయ్యను."

బెర్నీ అప్పటికే చెక్కబల్ల కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. చెక్క తాకితే దిష్టి కొంత విరుగుతుంది. చాలదనుకున్నాడేమో, కుర్చీ లాక్కెళ్ళి బంతులు దొర్లించే పొడుగాటి చెక్క నేల పక్కన వేసుకుని, రెండు బూట్లూ విప్పి పాదాలు దాని మీద ఆనించాడు. ఆ నేల మీద ఎవరు ఒట్టి పాదాలు పెట్టినా ఊరుకోనివాడు, తనే పెట్టాడు.

ఎలీబెర్ వచ్చాడు. భుజానికి సంచీ, చేతిలో టోపీ. అందరికీ నమస్కారం పెట్టి కూర్చున్నాడు.

"బెర్నీ," అన్నాను.

బెర్నీకి చెమటలు పట్టాయి. "చూడు బాబూ. నువ్వు ఈ ఏడాది పది ఆటలు... పది ఆటలు గెలవవు అని నేనైతే అననుగా," అని రెండు పాదాలతో నేలని గట్టిగా నొక్కాడు. "అంతకన్నా అడక్కు ఆర్డిస్. నాకు బీపీ ఉంది."

"ఫే."

ఫే వాణ్ణి తలనుంచి కాళ్ళదాకా చూసింది. వెతుకుతోందని తెలుస్తూనే ఉంది, ఎక్కడ మెచ్చుకుంటే నష్టం తక్కువో. "నీ జుట్టు ఒత్తుగా ఉంది," అంది. అని, వెంటనే, "రాలిపోతుందిలే," అని చేర్చింది.

"డెల్మార్."

డెల్మార్ లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు, మూశాడు. ఎర్రబడ్డాడు. "నువ్వు ఎడమచేత్తో విసురుతావు," అన్నాడు చివరికి. "అది నిజం." కూర్చున్నాడు.

ఇంతకంటే వాణ్ణి తిట్టి ఉంటే నయం. వాడి మొహంలో మిగిలిన కాస్త వెలుగూ పోయింది. లేచి ముగ్గురికీ చేతులు కలిపాడు. "కష్టపడి చెప్పారు. మీ అందరికీ ధన్యవాదాలు," అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "ఒక్క మాట అడగనా. కోల్బీకి నలభై హోమ్ రన్లని చెప్పారు కదా. మీకు నిజంగా దిష్టి అంటే అంత భయమైతే, పాపం వాడికి తగలదా?"

"వాడికి తగలడానికి వాడిలో ఏముందిరా?" అన్నాడు డెల్మార్ విసుగ్గా. "ఖాళీ గోడౌన్‌కి తాళం వేసుకుంటామా?"

ఎలీబెర్ పెదవి ఒక పక్క కొద్దిగా కదిలింది. కానీ నమ్మలేదు. తలుపు మీద చెయ్యి వేశాడు.

అప్పుడు నేను మెర్ల్ సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలీదు. ఆ మాట మూడేళ్ళుగా ఎవరితోనూ అనలేదు. డెల్మార్ ముందు అసలే అనలేదు.

"మా ఆయనకి జబ్బు చేసినప్పుడు," అన్నాను, "డాక్టర్లు రెండు నెలలన్నారు. ఈ డెల్మార్ రోజూ పొద్దున ఏడింటికి మా ఇంటికొచ్చేవాడు. గుమ్మంలోనే నిలబడి, మెర్ల్, ఇవాళ సాయంత్రం దాటవు నువ్వు, ఆ గడ్డికోసే మిషను ఇప్పుడే నా పేర రాసెయ్, అనేవాడు. మెర్ల్ మంచంలోంచి, ముందు నువ్వే పోతావురా ముసలాడా, నీ పళ్ళసెట్టు నాకిచ్చి పో, అనేవాడు. రోజూ ఇదే. మంచు కురిసినా వచ్చేవాడు. రోజూ చంపేవాడు. మెర్ల్ ఎనిమిది నెలలు బతికాడు. నవ్వుతూ బతికాడు."

ఎలీబెర్ తలుపు మీదనుంచి చెయ్యి తీశాడు. డెల్మార్ తన టోపీని చేతుల్లో తిప్పుతున్నాడు.

"ఒక రోజు డెల్మార్ వచ్చాడు. గుమ్మంలో నిలబడి మెర్ల్‌ని చూశాడు. చాలాసేపు చూశాడు. టోపీ తీసి లోపలికొచ్చి, మంచం పక్కన కూర్చుని, ఇవాళ బాగున్నావు మెర్ల్, మొహంలో కళ వచ్చింది, అన్నాడు." డెల్మార్ వైపు చూడకుండానే చెప్పుకుపోయాను. "మెర్ల్ నా వైపు చూశాడు. ఇద్దరికీ తెలిసిపోయింది. శుక్రవారం పోయాడు."



"ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది," అన్నాడు డెల్మార్ నేలకేసి చూస్తూ. "మాట రాలేదు ఆర్డిస్. ఎంత ప్రయత్నించినా చెడు మాట నోటికి రాలేదు."

"నాకు తెలుసు," అన్నాను. నాకు ఆయన మీద ఎప్పుడూ కోపం లేదు. ఆ సంగతి ఆయనకి ఇన్నాళ్ళూ చెప్పలేదంతే.

ఎలీబెర్ డెల్మార్‌ని చూశాడు, నన్ను చూశాడు, చెక్క మీద పాదాలు ఆనించి కూర్చున్న బెర్నీని చూశాడు. సంచీ భుజాన సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఆకలి లేదని చెప్పి భోజనానికి కిందికి రాలేదు. పైన వాడు సామాను సర్దుతున్న చప్పుడు వినపడింది.

బుధవారం పొద్దున ఏడున్నరకి నేను పొయ్యి దగ్గర గుడ్లు వేయిస్తున్నాను. మెట్ల మీద వాడి అడుగులు, వెనకే పెట్టె చక్రాల చప్పుడు. పెట్టె వీధి తలుపు దగ్గర ఆగింది. నేను వెనక్కి తిరగలేదు. ప్రయాణమయ్యేవాడికి ఏదో ఒకటి చెప్పాలి కదా. వెళ్ళిరా నాయనా, ఒమాహాలో బాగుంటావు, మీ బావ బాగా చూసుకుంటాడు, అనాలి. నా నోటితో ఆ మాట అన్నానంటే వాణ్ణి వదిలేసుకున్నట్టే. గుడ్లు తిరగేస్తూ నిలబడ్డాను.

"సెన్యోరా," అన్నాడు వెనకనుంచి.

"ఊఁ."

"మీరు ఈ సీజన్ చివరిదాకా ఉండరు."

నా చేతిలో గరిట ఆగిపోయింది.

"మే నెలలో మోకాళ్ళు రెండూ పోతాయి," అన్నాడు. లెక్చరు ఇచ్చినట్టు ఒక్కొక్కటే చెబుతున్నాడు. "జూన్లో గుండె ఆగుతుంది. కాదు, ఆగదు, తప్పు దిక్కుకి తిరగడం మొదలుపెడుతుంది. జూలైలో డాక్టరు చూసి, ఈవిడ ఏప్రిల్లోనే పోయింది, ఇన్నాళ్ళూ ఎవరూ చూసుకోలేదు అంటాడు. మీ అంత్యక్రియలకి కోల్బీ ఒక్కడే వస్తాడు. వాడు కూడా దారి తప్పి వస్తాడు. నాకు ఈ ఊళ్ళో ఇంకో గది దొరకదు. సెప్టెంబరు దాకా నేను ఈ ఇంట్లోనే, మీ దయ్యంతో ఉండాలి."

మెర్ల్ పోయాక ఈ మూడేళ్ళూ ఊళ్ళో ఎవరు ఎదురుపడ్డా నాతో ఒకటే మాట. బాగున్నావు ఆర్డిస్, తేరుకున్నావు ఆర్డిస్, మొహం కళగా ఉంది ఆర్డిస్. డెల్మార్ అంతే, ఫే అంతే, బెర్నీ అంతే. పాపం వాళ్ళు మంచికే అన్నారు. రోజూ విని, రోజూ ఇంటికొచ్చి, నా పనైపోయిందని ఊరంతా తేల్చేసింది కాబోలు అనుకునేదాన్ని. మూడేళ్ళలో నన్ను ముంచినవాళ్ళు లేరు.

ఏప్రన్ కొసతో కళ్ళు తుడుచుకున్నాను. గుడ్లు అడుగంటి మాడిపోయాయి.

"మే దాకా ఎందుకు," అన్నాను. "ఈ వారమే పోతాను. ఆ పెట్టె దారికి అడ్డం పెట్టావు, తట్టుకుని పడి చస్తాను. పైకి తీసుకెళ్ళు."

వాడు పెట్టె పైకి తీసుకెళ్ళాడు. కిందికొచ్చి ఆ మాడిన గుడ్లే తిన్నాడు.